నల్లగొండ సినిమా పండుగ: అంత దూరం నుంచి వచ్చిన దర్శకులతో మాట్లాడనివ్వరా?

గడియారం_సెంటర్
మొన్న శని, ఆదివారాల్లో నల్లగొండలో జరిగిన స్వతంత్ర సినిమాల పండుగకు ఇక్కడి నుంచి ఎవరెవరు వచ్చారు? నేను రెండు రోజులూ ఉన్నాను. సినిమాలు బాగున్నాయి, అందులో అనుమానం లేదు. నా బాధ వేరే. కేరళ నుంచి, వైజాగ్ నుంచి, పుణె నుంచి దర్శకులు సొంత ఖర్చులతో వచ్చారు. వాళ్లను ముందు వరుస సోఫాల్లో కూర్చోబెట్టారు. ఇక స్టేజీ మీదకు పిలవడం, శాలువా, మెమెంటో, ఫొటో. మళ్లీ ఇంకో పెద్దమనిషి, ఇంకో శాలువా. ఆదివారం సాయంత్రం ఈ తంతు గంటన్నర దాటింది. మూసీ మీద తీసిన డాక్యుమెంటరీ అయిపోయాక ప్రశ్నలకు మిగిలింది పది నిమిషాలు కూడా లేదు.

కేతేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన లేచి, "సారూ, నురగ మంచిగ చూపించినవు. గా నీళ్లతోనే మేం వరి పండిస్తున్నం. ఆ బియ్యం ఎటు పోతున్నయో ఎందుకు చూపియ్యలే?" అని అడిగాడు. హాలంతా అటు తిరిగింది. దర్శకుడికి తెలుగు రాదు. పక్కనున్న అమ్మాయి ఇంగ్లిష్‌లో చెప్తుంటే విని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంటున్నాడు. జవాబు చెప్పబోయేలోపే "ముఖ్య అతిథి గారు వెళ్లాల్సి ఉంది" అని మైకు లాక్కున్నారు. పెద్దాయన కాసేపు అలాగే నిలబడి కూర్చున్నాడు.

సినిమా ఒక్కటే చూడాలనుకుంటే ఇంట్లో ఫోన్లో చూసుకుంటాం. తీసినవాళ్లు ఎదురుగా ఉంటారనే కదా పని మానుకుని వచ్చేది. వచ్చే ఏడైనా ఇది మారుతుందా?

పానగల్లోడు
నేనూ ఉన్నా. ఆ పెద్దాయన అడిగిందే రెండు రోజుల్లో అసలైన ప్రశ్న.

చాయ్_ఉస్మానియా
మెమెంటోల టేబుల్ చూసి మా తమ్ముడు స్కూల్ యానివర్సరీ అనుకున్నాడు. "డాన్సులు ఎప్పుడన్నా?" అని అడిగాడు.

తెర_వెనక
ఆ రెండు రోజులు పరుగెత్తినవాళ్లలో నేనొకణ్ని, కాబట్టి చెప్పాలి. హాలు ఉచితంగా ఇచ్చింది ఒకరు, భోజనాలు పెట్టించింది ఒకరు, ప్రొజెక్టర్ కిరాయి కట్టింది ఇంకొకరు. వాళ్లెవరూ డబ్బు వెనక్కి అడగరు. స్టేజీ మీద పేరు పిలవాలి, ఒక ఫొటో దిగాలి, మర్నాడు పేపర్లో రావాలి. వాళ్లకు ముట్టేది అదే. మేం టికెట్ పెట్టలేదు, పాస్‌కు ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ వారమంతా టెన్షన్‌తో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. మైకు లాక్కోవడం నాకూ నచ్చలేదు. శాలువా కప్పకుండా పండుగ నడిపే దారి ఉంటే చెప్పండి, రేపట్నుంచే మొదలుపెడతాం.

గడియారం_సెంటర్
అన్నా, మీ కష్టాన్ని తక్కువ చేయడం లేదు. మీరు పెట్టకపోతే ఆ సినిమాలు నల్లగొండకు వచ్చేవే కావు. సన్మానాలన్నీ శనివారం పొద్దున, మొదటి సినిమా మొదలుకాకముందే అరగంటలో కానిచ్చేయండి. సినిమా అయిపోయి లైట్లు వెలిగాక ఉండే టైమ్ మాత్రం చూసినవాళ్లకు వదిలేయండి.

రీలుపెట్టె
ఎనభైల్లో ఫిల్మ్ సొసైటీ నడిపిన గుంపులో నేనూ ఉన్నాను. పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి, ఎంబసీల నుంచి 16 ఎంఎం ప్రింట్లు తెప్పించేవాళ్లం. రేకు డబ్బాల్లో పార్శిల్‌గా వచ్చేవి. ఉన్నది ఒకటే ప్రొజెక్టర్, రీలు మార్చాలంటే లైటు వేయాల్సిందే. ఆ సందులోనే వాదన మొదలయ్యేది. మూడో రీలుకు వచ్చేసరికి హాల్లో రెండు పార్టీలు తయారు. సినిమా అయ్యాక చాయ్ కొట్టు మూసేదాకా అదే పంచాయితీ. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వాళ్లు 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టింది, 1959లో దేశంలోని సొసైటీలు ఫెడరేషన్‌గా కలిసింది ఇలా చూసి మాట్లాడుకోడానికే.

తెర_వెనక తమ్మీ, దారి చెప్పమన్నావు. 1984లో కోజికోడ్‌లో దర్శకుడు జాన్ అబ్రహాం, ఆయన మిత్రులు ఒడెస్సా కలెక్టివ్ పెట్టారు. (హిందీ హీరో వేరే, ఈయన మలయాళం ఆయన.) ఊరూరా సినిమాలు వేసి, జనం దగ్గర రూపాయి రూపాయి పోగుచేసి 1986లో 'అమ్మ అరియాన్' పూర్తి చేశారు. గోరఖ్‌పూర్‌లో 2006లో మొదలైన సినిమా పండుగ కూడా స్పాన్సర్లను పక్కన పెట్టి చందాల మీదే నడిచింది. చందా ఇచ్చినవాళ్లు నూరుమంది ఉంటే స్టేజీ మీదకు ఎవర్ని పిలవాలన్న పేచీయే రాదు.

దేవరకొండ_టీచర్
రీలుపెట్టె సార్, మీ రోజులు గొప్పవే. ఆ చాయ్ కొట్టు పంచాయితీలో ఆడవాళ్లు ఎంతమంది ఉండేవారు? మొన్న నేను మా కాలేజీ అమ్మాయిలను బస్సులో తీసుకొచ్చాను. ఫంక్షన్ హాలు కాబట్టే ఇళ్లల్లో పంపారు. పెళ్లిళ్లకు పోయే చోటే కదా అని అమ్మలకు ధైర్యం. పిలుపు కార్డు మీద పెద్దమనుషుల పేర్లు చూశాకే మా ప్రిన్సిపాల్ సంతకం పెట్టారు. సన్మానాలు నాకూ విసుగే. కానీ ఆ కార్డు లేకపోతే ఆ పిల్లలు గడప దాటేవాళ్లు కారు.

రీలుపెట్టె
టీచరమ్మా, మా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లు ఇద్దరో ముగ్గురో. అదీ లెక్చరర్ల ఇళ్లవాళ్లే. మీరు బస్సు నిండా తెచ్చారంటే అది మాకు ఎన్నడూ చేతకాని పని.

పానగల్లోడు
అయితే కార్డు మీద పేర్లు పెద్దగా, స్టేజీ మీద టైమ్ చిన్నగా. ఇద్దరి పనీ అవుతుంది.

వైరుమాస్టర్
అందరూ శాలువాల మీద పడ్డారు. శనివారం మధ్యాహ్నం షార్ట్ ఫిల్మ్‌లో మాటలు వినబడని సంగతి ఎవరూ ఎత్తడం లేదు. వాన చప్పుడు దద్దరిల్లింది, బస్సు హారన్ వచ్చింది. తల్లి పాత్ర నోరు కదులుతోంది, మాట లేదు. నా పక్కనాయన "మూగామె వేషమేమో" అన్నాడు.

కారణం చెప్తా వినండి, పెళ్లిళ్లకు సౌండ్ పెట్టేది మేమే. 5.1 మిక్స్‌లో, అంటే థియేటర్ల కోసం ఆరు చానెళ్లుగా విడదీసిన సౌండ్‌లో, డైలాగు దాదాపు అంతా మధ్య చానెల్‌లో ఉంటుంది. ఫంక్షన్ హాల్లో ఉండేవి ఎడమ, కుడి బాక్సులే. ప్లేయర్ అన్ని చానెళ్లనూ రెండింట్లోకి కలపకుండా ఎడమ, కుడి మాత్రమే బయటికి వదిలితే మధ్యలో ఉన్న మాట రాదు. చుట్టూ ఉన్న వాన మాత్రం వస్తుంది. దర్శకుల దగ్గర స్టీరియో ఫైల్ విడిగా అడిగి తీసుకోండి. అది లేకపోతే వీఎల్‌సీ ఆడియో సెట్టింగుల్లో స్టీరియో పెట్టండి. జనం రాకముందు ప్రతి సినిమా నుంచి డైలాగున్న సీను రెండు నిమిషాలు వేసి చూడండి.

ఇంకోటి. ల్యాప్‌టాప్ తెరను డూప్లికేట్‌లో పెట్టొద్దు, ఎక్స్‌టెండ్‌లో పెట్టండి. లేకపోతే వాట్సాప్ మెసేజ్‌లు తెర మీదికి వస్తాయి. మొన్న వచ్చింది కూడా, "పాలు తెచ్చినవా" అని.

చాయ్_ఉస్మానియా
అది సినిమాలో భాగం కాదా! నేను చాలాసేపు ఆ పాల గురించే ఆలోచించా.

వైజాగ్_కెమెరా
ఆ తల్లి పాత్ర సినిమా నాదేనండి. వైరుమాస్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. సగంలో లేచి ఆపమందామనుకున్నాను, కొత్త ఊరు, మొహమాటం అడ్డొచ్చింది. ఆ తల్లి వేషం వేసినావిడ చేపల మార్కెట్‌లో పనిచేస్తారు. ఎప్పుడూ కెమెరా ముందుకు రాలేదు. ఆవిడ గొంతు కోసమే ఆ సినిమా తీశాను. ఆ గొంతే వినబడకపోయేసరికి ఏడుపొచ్చింది.

అయినా ఒకటి చెప్పాలి. శాలువా కప్పాక విశాఖ ఎక్స్‌ప్రెస్ అందుకోవాలని హడావుడిగా బయటికొచ్చాను. గేటు దగ్గర ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు ఆపారు. ఒకమ్మాయి, "మేడం, ఆఖర్లో అమ్మ తలుపు వేసిందా, గాలికి పడిందా?" అని అడిగింది. రెండో అమ్మాయి, "కెమెరా కొనడానికి ఇంట్లో ఎలా ఒప్పించారు?" అంది. మాటలు వినబడకపోయినా తలుపు గమనించారు చూడండి. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, సరిగ్గా జవాబు చెప్పకుండానే ఎక్కేశాను. రాత్రి అక్కడే ఉండి ఆదివారం పొద్దున ఆ పిల్లలతో ఒక గంట కూర్చునే ఏర్పాటు ఉంటే తప్పకుండా ఉండేదాన్ని.

దేవరకొండ_టీచర్
వాళ్లు మా పిల్లలే! బస్సులో దారి పొడుగునా ఆ తలుపు గురించే వాదించుకున్నారు. ఇంతకీ వేసిందా, పడిందా?

వైజాగ్_కెమెరా
వేసిందండి. చప్పుడు కాకుండా వేసింది. ఇంట్లో ఒప్పించిన సంగతి పెద్ద కథ, ఆ అమ్మాయిలకు ఫోన్లో చెప్తాను. నంబరు మీకు మెసేజ్ పెడుతున్నాను.

మర్రిగూడ_బిడ్డ
వచ్చిన దర్శకులతో మాట్లాడనివ్వలేదని మీ బాధ. మా ఊరి బాధ దానికి ముందుది. కెమెరాలు మా ఊళ్లోకి రావడం చిన్నప్పటి నుంచి చూస్తున్నా. ఫ్లోరైడ్ అంటే మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, అందరికీ తెలుసు. జీపు దిగుతారు, వంగిన కాళ్లున్నవాళ్లు ఎక్కడున్నారని అడుగుతారు. మా పెద్దనాన్నను ఎండలో బోరింగు దగ్గర నుంచి ఇంటిదాకా నడిపించారు. నీడ సరిగ్గా పడలేదని మళ్లీ నడిపించారు. ఆయన మాట్లాడతానంటే "వద్దు, నడిస్తే చాలు" అన్నారు. ఆయనకు చెప్పాలని మస్తు ఉండె. బావిలో పూడిక తీసిన రోజుల నుంచి ఏ నీళ్లు ఎప్పుడు తాగారో, ఊళ్లో ఎవరికి ముందు పళ్లు గారపట్టాయో అన్నీ నోటికి చెప్పేవాడు.

ఆ సినిమా ఎక్కడెక్కడో చూపించారని విన్నాం. మా ఊళ్లో ఎవరికీ చూపించలేదు. పెద్దనాన్న అది చూడకుండానే పోయాడు. సినిమా పండుగలో వేదిక మీద కూర్చున్న దర్శకులను నేను అడగాలనుకున్నది ఇదే: మీరు తీసినవాళ్లకు మీ సినిమా చూపించారా?

పానగల్లోడు
ఇది చదివాక ఏం రాయాలో తోచడం లేదు.

కృష్ణపట్టె
అన్నా, మీ పెద్దనాన్న సంగతి చదివితే కడుపు తరుక్కుపోయింది. అయినా ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న అంకె ఎన్నో ఏళ్లుగా రిపోర్టుల్లో ఉంది. ఆ అంకె చూసి ఎవరూ కదల్లేదు. ఆ వంగిన కాళ్ల బొమ్మలు పేపర్లలో, తెరల మీద పడ్డాకే నల్లగొండ ఫ్లోరైడ్ గురించి హైదరాబాద్‌లో, ఢిల్లీలో మాట్లాడారు. కృష్ణా నీళ్లు రావడానికి కొట్లాడినవాళ్లు చాలామంది, ఆ కొట్లాటలో కెమెరా కూడా ఒక చెయ్యి వేసింది. తీసినవాళ్లందరినీ ఒకే గాట కట్టొద్దు.

మర్రిగూడ_బిడ్డ
కోపం లేదు తమ్మీ. తీయొద్దని నేను అనలేదు. నడిపించినాయన పేరు సినిమాలో వేయాలి, ఆయన మాట వినిపించాలి, తీసింది తెచ్చి మా కచీరు దగ్గర చూపించాలి. నేను అడిగేది ఇంతే.

కృష్ణపట్టె
దానికి నేనూ సరే అంటా. పండుగ పెట్టేవాళ్లు సినిమాలు ఎంచుకునే ఫారంలోనే ఈ ప్రశ్న పెట్టొచ్చు: "ఎవరి మీద తీశారో వాళ్లకు చూపించారా?"

తెర_వెనక
రాసుకున్నా.

పోచంపల్లి_పడుగు
మా ఊరి అనుభవం కొంచెం వేరు. మా నేత మీద శ్యాం బెనగల్ 1987లో 'సుస్మన్' తీశారు. ఓం పురి నేతన్న, షబానా అజ్మీ ఆయన భార్య. అది హిందీ సినిమా, మా తాతకు హిందీ రాదు. ఎప్పుడో క్యాసెట్ మీద చూసి, మాటల జోలికి పోకుండా ఓం పురి చేతులనే చూస్తూ కూర్చున్నాడట. "చెయ్యి బానే పడింది" అన్నాడంటే మా ఇంట్లో అది అవార్డు కిందే లెక్క.

అంతకుముందు 1976లో అదే బెనగల్ 'మంథన్' తీస్తే, గుజరాత్‌లో 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకుని నిర్మాతలయ్యారు. సినిమా విడుదలయ్యాక లారీలెక్కి ఊళ్లకు ఊళ్లే చూడ్డానికి పోయారు. 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా పండుగలో మళ్లీ వేశారు. రీలుపెట్టె గారు చెప్పిన చందా పద్ధతి ఇదే. ఎవరి మీద తీశారో వాళ్లే డబ్బు పెడితే, చూపించలేదన్న మాట ఎక్కడిది?

భువనగిరి_బండ
'మల్లేశం' మర్చిపోయావు. 2019లో వచ్చింది. నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే ఆసు పనికి యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారిది మన ఆలేరు పక్కనే. ఆసు పోస్తూ వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పే తల్లి భుజం నొప్పి దగ్గరే ఆ కథ మొదలవుతుంది. మా అమ్మ థియేటర్లో చీర కొంగు నోట్లో కుక్కుకుని చూసింది.

గద్వాల_జరీ
నాదో సందేహం. మన మీద సినిమాలు తీయడానికి ఎప్పుడూ బయటివాళ్లే రావాలా? వచ్చినవాళ్లకు సన్మానాలు చేసే బదులు మన పిల్లలకు కెమెరా ఇస్తే ఎలా ఉంటుంది?

రీలుపెట్టె
రెండూ కావాలమ్మా. సాయుధ పోరాటం మీద 1979లో 'మా భూమి' తీసిన గౌతం ఘోష్ బెంగాలీ. ఆయన మొదటి కథాచిత్రమే తెలుగులో తీశాడు. అంతకు రెండేళ్ల ముందు 1977లో మృణాల్ సేన్ వచ్చి ప్రేమ్‌చంద్ కథను 'ఒక ఊరి కథ'గా తెలుగులో తీశాడు. ఇద్దరికీ మన భాష రాదు, కానీ మన మట్టి పట్టుబడింది. ఎందుకంటే పక్కన మనవాళ్లున్నారు. 'మా భూమి' నిర్మాతల్లో ఒకరు బి. నర్సింగరావు. ఆయనే తర్వాత దర్శకుడై 1983లో 'రంగుల కల', 1988లో 'దాసి' తీశారు. 'దాసి'కి అర్చన జాతీయ ఉత్తమ నటి అయ్యింది. దొరల గడీ లోపలి సంగతి అలా చూపించడం ఇక్కడ పుట్టినవాడికే సాధ్యం. కానీ బయటివాడి పక్కన పనిచేసిన ఆ అనుభవం కూడా ఆయన వెనక ఉంది. అందుకే వచ్చిన దర్శకుడిని సాయంత్రం రైలెక్కించి పంపడం నాకు నష్టంగా కనిపిస్తుంది. ఒక రోజు ఉంచుకుంటే మన పిల్లలు నేర్చుకునేది ఎంతో ఉంటుంది.

దేవరకొండ_టీచర్
గద్వాల అక్కా, 'కేరాఫ్ కంచరపాలెం'లో నటించినవాళ్లు చాలామంది ఆ పేటవాళ్లే. మా పిల్లలకు అది చూపించాక, "మన కొండమల్లేపల్లి బస్టాండులో ఇట్ల తీయొచ్చు" అని లెక్కలేశారు. మొదలయ్యేది అక్కడే.

పాలమూరు_పోరి
అన్నీ నల్లగొండకేనా? పాలమూరులో పెట్టరా? మా దగ్గర కథలకు కరువు లేదు. ముంబై, పుణె వలసపోయి కట్టిన బిల్డింగులు ఎన్నో, ఆ కట్టినవాళ్ల మీద సినిమాలు కొన్నైనా ఉన్నాయి. ఇక్కడ పెట్టాలంటే డేట్ చూసి పెట్టండి. ఎండాకాలం వేస్తే ఊళ్లో ముసలివాళ్లే ఉంటారు. దసరాకో, పీర్ల పండుగకో వేస్తే వలసపోయినవాళ్లు ఇంటికొస్తారు. వాళ్ల మీద తీసింది వాళ్లు చూస్తారు. మర్రిగూడ అన్న అడిగిందీ అదే కదా.

చాయ్_ఉస్మానియా
పిల్లలమర్రి చెట్టు కింద తెర కట్టి వేస్తే అదిరిపోతుంది!

పాలమూరు_పోరి
వద్దన్నా. 2017లో కొమ్మ విరిగిపడి, చెదలు పట్టి, సెలైన్ బాటిళ్లు కట్టి మందెక్కించి బతికించుకున్న చెట్టు అది. ఏడు వందల ఏళ్లదంటారు. దాని కింద బాక్సులు పెట్టి మోగిస్తే మా అమ్మమ్మ ఊరుకోదు. జడ్చర్లలో, నారాయణపేటలో బడి గ్రౌండులు ఉన్నాయి, చాలు.

సూర్యాపేట_సింగిల్‌స్క్రీన్
ఫంక్షన్ హాలు బదులు థియేటర్లో మార్నింగ్ షో మాట్లాడుకోండి. కొత్త సినిమా లేని వారం చాలా థియేటర్లు పొద్దున ఖాళీగానే ఉంటాయి. తెర, చీకటి, 5.1 అన్నీ అక్కడే ఉన్నాయి. వైజాగ్ మేడం సినిమాకు పట్టిన గతి అక్కడ పట్టదు. థియేటర్ సర్వర్‌కు డీసీపీ కావాలి, అంటే థియేటర్లలో వేసే పద్ధతిలో కట్టిన డిజిటల్ ఫైళ్లు. డీసీపీ-ఓ-మాటిక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంట్లోనే చేసుకోవచ్చు. లాక్ వేయకుండా చేస్తే కేడీఎం (ఆ లాక్ తీసే డిజిటల్ తాళంచెవి) గొడవ ఉండదు. హార్డ్ డిస్క్ ముందురోజే తెచ్చి ఎక్కించి చూసుకోవాలి, షో టైమ్‌కు తెచ్చి "అన్నా ఎక్కదేందే" అంటే మేం ఏం చేయలేం.

తెర_వెనక
అన్నా, ఒక చిక్కుంది. మార్నింగ్ షో అంటే పదకొండుకు మొదలై రెండుకల్లా ఖాళీ చేయాలి. అప్పుడు మాట్లాడుకునేది ఎక్కడ? గడియారం_సెంటర్ అడుగుతున్నదే అది.

సూర్యాపేట_సింగిల్‌స్క్రీన్
నిజమే. మ్యాట్నీ జనం గేటు దగ్గర నిలబడితే మేనేజరు లోపలికొచ్చి నిలబడతాడు. సినిమా థియేటర్లో చూసి, మాటలకు పక్కనే లైబ్రరీ హాలో, బడో చూసుకోండి. అందరూ నడిచిపోయేంత దగ్గర ఉండాలి, లేకపోతే సగం మంది బస్టాండు వైపు పోతారు.

నల్లకోటు
ఒక చట్టం సంగతి గుర్తుంచుకోండి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగంగా వేసే ఏ సినిమాకైనా సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. డాక్యుమెంటరీ అయినా, షార్ట్ ఫిల్మ్ అయినా అంతే. సర్టిఫికెట్ లేనివి పండుగలో వేయాలంటే సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. దానికి ముందే దరఖాస్తు పెట్టాలి, ఆఖరి వారంలో పరుగెత్తితే కాదు. ఒక మంచి మార్పేంటంటే, ఇదివరకు సర్టిఫికెట్ పదేళ్లకే ఉండేది, 2023 సవరణతో ఆ గడువు పోయింది.

చాయ్_ఉస్మానియా
వకీలు సాబ్, "పాలు తెచ్చినవా"కు కూడా సర్టిఫికెట్ కావాలా?

నల్లకోటు
దానికి ఇంట్లోవాళ్ల పర్మిషన్ సరిపోతుంది.

గడియారం_సెంటర్
నేను అడిగింది ఒకటి, ఇక్కడ పోగైంది ఎంతో. తెర_వెనక అన్నా, ఇవన్నీ మీ కమిటీలో పెడతారా? ముఖ్యంగా దర్శకులను రాత్రి ఉంచే సంగతి, తర్జుమా చేసేవాళ్ల సంగతి. ఆ రోజు మలయాళీ దర్శకుడికి పక్కనున్న అమ్మాయి చెప్పబట్టి గానీ, లేకపోతే ఆ ప్రశ్న ఆయన చెవిన పడేదే కాదు. ఆ అమ్మాయి ఎవరో గానీ, సన్మానం ఆమెకు చేయాల్సింది.

తెర_వెనక
నిన్న రాత్రి కూర్చున్నాం. సన్మానాలు శనివారం పొద్దున ఒక్కసారే. ప్రతి పెద్ద సినిమా తర్వాత ముప్పావు గంట మాటలకు, ఆ టైమ్‌లో మైకు చేతిలో పట్టుకునేది వాలంటీర్లే, దాతల మనుషులు ముట్టుకోరు. హోటల్ రూములకు మా దగ్గర డబ్బు లేదు. అతిథులను ఇళ్లల్లో ఉంచుకునేవాళ్లు ముందుకొస్తే తప్ప రాత్రి ఆపలేం. హాలు ఇచ్చినాయనతో ఇంకా మాట్లాడాలి, ఆయన ఏమంటాడో చూడాలి.

దేవరకొండ_టీచర్
ఇద్దరు ఆడవాళ్లకు మా ఇంట్లో చోటుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటామంటే ఇంకా సంతోషం.

వైజాగ్_కెమెరా
పచ్చిపులుసు పేరు చెప్పారు కాబట్టి నేను ముందే పేరు రాయించుకుంటున్నాను. ఈసారి స్టీరియో ఫైల్ తెస్తాను.

మర్రిగూడ అన్నయ్యా, మీరు రాసింది చదివినప్పటి నుంచి మనసులో అదే తిరుగుతోంది. నా స్నేహితురాలు ఫ్లోరైడ్ ఊళ్ల మీద ఒక డాక్యుమెంటరీ తీసింది. నడిపించింది కాదు, కూర్చోబెట్టి మాట్లాడించింది. దానికి సర్టిఫికెట్ కూడా ఉంది. తీసిన ఊళ్లలో రెండింటిలో వేసింది, మీ వైపు రాలేదు. అడిగాను, వస్తానంది. మీ ఊళ్లో వేయొచ్చా?

మర్రిగూడ_బిడ్డ
రమ్మను చెల్లె. ముందు ఫైల్ పంపిస్తే నేను, ఇంకో నలుగురం చూస్తాం. మాకు సరే అనిపిస్తే ఊళ్లో వేద్దాం. పత్తి ఏరే రోజుల్లో వద్దు, పొద్దంతా వంగి ఏరినవాళ్లు రాత్రి కూర్చోలేరు. పత్తి అయిపోయాక పెట్టుకుందాం.

వైజాగ్_కెమెరా
ఫైల్ ఈరోజే పంపిస్తుంది. మీరు చూసి వద్దంటే వద్దు, ఆ మాట తనే అంది.

వైరుమాస్టర్
సౌండ్ నాది, కిరాయి వద్దు. కచీరు దగ్గర కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పండి, వైరు ఎంత పొడుగు కావాలో చూసుకుంటా. జనరేటర్ పెడితే చప్పుడుకు మాట వినబడదు, దూరంగా పెట్టాలి. తెర కూడా నేనే కట్టిస్తా. రెండు కర్రల మీద ఎత్తుగా కడితే వెనకవాళ్లకు కూడా కనబడుతుంది.

మర్రిగూడ_బిడ్డ
ఎత్తుగా వద్దన్నా. ముందు కూర్చునేది పెద్దవాళ్లు. మెడ పట్టేసి ఉంటుంది, పైకెత్తి చూడలేరు. కింద కూడా కూర్చోలేరు, మోకాళ్లు మడతపడవు. కుర్చీలు మా బడి నుంచి తెస్తాం, తెర కుర్చీలో కూర్చున్నవాళ్ల కంటికి ఎదురుగా ఉండాలి. కుర్రాళ్లు వెనక నిలబడి చూస్తారు, వాళ్లకేం కాదు.

వైరుమాస్టర్
అర్థమైంది. తెర కింది అంచు నేలకు రెండడుగుల్లో కడతా. బాక్సులు కూడా కిందికే, లేకపోతే మాట తల మీద నుంచి పోతుంది. వచ్చే ఆదివారం వచ్చి చోటు చూసి పోతా, మీరు ఇంటి దగ్గర ఉంటారా?

మర్రిగూడ_బిడ్డ
ఉంటా. బస్టాండు దగ్గర దిగి ఫోన్ చెయ్యి, బండి మీద వచ్చి తీసుకుపోతా.